వృద్ధుల మూత్రపిండముల శక్తిని అంచనా వేయుట

హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి విజయవాడకో, ఏలూరుకో వైద్యమునకై వృద్ధులను తీసికొనిపోవు కుటుంబములను మనము నిత్యము చూచుచుందుము. అట్టి ఒక కుటుంబమును ఊహించుకొందము. ఎనుబది యేండ్ల తాతగారికి జ్వరము, ఆయాసము, ఆసుపత్రిలో చేర్చిరి. రక్తపరీక్ష పత్రము చేతికి వచ్చినది. అందు క్రియాటినిన్ 1.2 అని యున్నది. ప్రక్కన అచ్చువేసిన హద్దులకు లోబడియే యున్నది. మూత్రపిండములు బాగుగనే యున్నవని ఇంటివారు ఊరట చెందుదురు. ఆ ఊరట ఎంతవరకు తగినదో విచారింతము.

కండరములకు తక్షణశక్తి నిచ్చునది ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము. దీనిని సైరస్ ఫిస్కేతో కలసి 1927లో లోకమునకు వెల్లడించినవారు, 1895లో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ పదార్థమును, దానికి మూలమైన క్రియాటిన్‌ను కొద్దికొద్దిగా మారగా ఏర్పడు వ్యర్థమే క్రియాటినిన్. మూత్రపిండములు దీనిని వడగట్టి వెలుపలికి పంపును. వడపోత మందగించినచో రక్తములో ఇది పెరుగును.

అయితే చెరువులో నీటిమట్టము తూమును బట్టి మాత్రమే యుండదు. వచ్చి చేరు నీటిని బట్టియు నుండును. తూము సగము పూడినను, వచ్చు నీరు కూడ తగ్గినచో మట్టము పెరుగదు. వృద్ధులలో కండ తగ్గును. దానితో క్రియాటినిన్ పుట్టుటయు తగ్గును. కనుక వడపోత క్షీణించినను అంకె మామూలుగనే కనబడవచ్చును.

ఈ చిక్కును తీర్చుటకై 1976లో కెనడాకు చెందిన కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనువారు ఒక సూత్రమును ప్రకటించిరి. 140 నుండి వయస్సును తీసివేసి, మిగిలినదానిని కిలోల బరువుచే గుణించి, ఆ లబ్ధమును క్రియాటినిన్‌కు 72 రెట్లచే భాగింపవలెను. స్త్రీల విషయమున ఫలితమును 0.85చే గుణింపవలెను. తాతగారి బరువు 48 కిలోలైనచో నిమిషమునకు 33 మిల్లీలీటర్లు వచ్చును. అదే 1.2 గల ముప్పది యేండ్ల, 70 కిలోల మనుమనికి 89 వచ్చును!

ఈ లెక్కతో పని యేమి? జెంటామైసిన్, డిగాక్సిన్, మెట్‌ఫార్మిన్ వంటి మందులు ముఖ్యముగా మూత్రపిండముల ద్వారానే వెలికి పోవలెను. మనుమనికి సరిపడు మోతాదు తాతగారి శరీరములో పేరుకొని హాని చేయవచ్చును. జెంటామైసిన్ మితిమీరినచో వినికిడిని, ఆ మూత్రపిండములనే దెబ్బతీయగలదు.

సూత్రమునకును హద్దులు కలవు. అది దాదాపు అందరును పురుషులే యైన 249 మంది రోగుల పరీక్షలపై ఏర్పడినది. కాళ్లు వాచిన రోగి బరువులో నీరు కూడ చేరును. మూత్రపిండములు హఠాత్తుగా దెబ్బతిన్నచో క్రియాటినిన్ పెరుగుటకు ఒకటి రెండు దినములు పట్టును. ఆ నడుమ ఏ సూత్రమైనను మోసపుచ్చును. 2021లో వెలువడిన కొత్త సూత్రము బరువు నడుగదు. అది తాతగారికి సుమారు 61 అని చెప్పును! ఏలయన అది సగటు దేహమును ఊహించుకొనును. చిక్కిన దేహమునకు ఆ అంకె ఎక్కువ కావచ్చును. పాత సూత్రపు అంకె తక్కువయు కావచ్చును. ఇట్టి సందేహము కలిగినపుడు కండపై అంతగా ఆధారపడని సిస్టాటిన్-సి పరీక్ష వైద్యులకు తోడ్పడును.

ఇక ఇంటివారు చేయదగినది స్వల్పమే, కాని విలువైనది. రోగి ఇటీవలి బరువును, ఈ మధ్య ఎంత చిక్కినదియు చెప్పవలెను. కీళ్లనొప్పుల మాత్రలతో సహా వాడుచున్న మందులన్నియు చూపవలెను. "ఈ మోతాదు వయస్సుకు, బరువుకు తగినదేనా?" అని వినయముగా అడుగవలెను. మందును తమంతట తాము మానరాదు, తగ్గింపరాదు. పత్రముపైని అంకెను చదువునపుడు, ఆ అంకె వెనుకనున్న మనిషిని కూడ చూచుటయే ఇందలి సారము.