నర్సింగ్ సీటు: అడ్వాన్స్ కట్టేముందు కోటా అడగండి

పెందుర్తిలో ఉంటూ బీఎస్సీ నర్సింగ్‌లో చేరాలనుకుంటున్నారా? ముందు కాలేజీని ఒక్కటే అడగండి: సీటు కన్వీనర్ కోటాలోదా, మేనేజ్‌మెంట్ కోటాలోదా? మేనేజ్‌మెంట్ సీటుకు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ‘స్కాలర్‌షిప్ వచ్చేస్తుందిలే’ అన్న నోటిమాట నమ్మితే నాలుగేళ్ల ఫీజూ మీ నెత్తినే పడుతుంది. కన్వీనర్ సీట్లను ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో భర్తీ చేస్తుంది. కుటుంబ వార్షికాదాయం రూ.2.5 లక్షలు దాటకూడదు. ఆదాయ ధ్రువపత్రానికి వార్డు సచివాలయంలో దరఖాస్తు చేసుకోండి. చేరాక హాజరు 75 శాతానికి తగ్గితే సాయం ఆగిపోతుంది.

హాస్టల్, పుస్తకాలు, యూనిఫాం ఖర్చులకు విద్యారుణం ఉంది. బ్యాంకుల నమూనా పథకం ప్రకారం రూ.7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అక్కర్లేదు. అమ్మో నాన్నో సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి.