సైక్లోస్పోరిన్ ఎందుకు నిలబడలేదు?

గుండెపోటులో మూసుకుపోయిన ధమనిని తెరవడం ఎంత ఆలస్యమైతే అంత కండరం చచ్చిపోతుంది. స్టెంట్ వేయడానికి డాక్టర్లు అంత తొందరపడేది అందుకే. అయితే ధమని తెరుచుకున్న మొదటి నిమిషాల్లోనే రెండో దెబ్బ పడుతుంది. ఆక్సిజన్ ఒక్కసారిగా అందేసరికి, అప్పటికే కాల్షియం పేరుకుపోయిన కణాల్లో మైటోకాండ్రియా పొరకు రంధ్రాలు తెరుచుకుంటాయి. కొనఊపిరితో ఉన్న కణం రక్తం అందాక చచ్చిపోతుంది. అవయవ మార్పిడి రోగులకు ఇచ్చే సైక్లోస్పోరిన్ ఆ రంధ్రాలను అడ్డుకోగలదు. 2008లో ఫ్రాన్స్ వైద్యులు 58 మంది రోగులతో జరిపిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. స్టెంట్ వేసే ముందు సుమారు సగం మందికి దీన్ని నరంలోకి ఎక్కించారు. కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే క్రియాటిన్ కైనేజ్ వారిలో బాగా తగ్గింది. గుండెకు మరింత ప్రత్యేకమైన ట్రోపోనిన్‌లో మాత్రం తేడా నమ్మదగినంతగా లేదు. ఆశల సందడిలో ఈ రెండో అంకెకు దక్కాల్సినంత విలువ దక్కలేదని నా అభిప్రాయం.

2015లో ఇదే మందును 970 మందితో పరీక్షించిన సర్కస్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఏడాదిలోపు మరణం, ముదిరిన గుండె వైఫల్యం, ఎడమ జఠరిక సాగిపోవడం, వీటిలో ఏదో ఒకటి ఎదురైనవారు మందు తీసుకున్నవారిలో 59.0 శాతం, డమ్మీ మందు తీసుకున్నవారిలో 58.1 శాతం. రోగుల్లో ఈ మందు ఓడిపోయినంత మాత్రాన జంతువుల మీద ప్రయోగాలే దండగ అనడం సరికాదు. కండరాన్ని ముందే సిద్ధం చేసి కాపాడవచ్చన్న సంగతి 1986లో కుక్కల్లో బయటపడింది: ముందుగా నాలుగుసార్లు, ఒక్కోసారి అయిదేసి నిమిషాలు రక్తం ఆపి వదిలితే, తర్వాతి పెద్ద దెబ్బకు చచ్చే కండరం బాగా తగ్గింది. అమెరికా ప్రభుత్వ నిధులతో ఏర్పడిన సీజర్ కన్సార్షియం ఒకే పద్ధతిలో, ఏ జంతువుకు ఏమిచ్చారో కొలిచేవారికి తెలియకుండా, ఎలుకల్లో, కుందేళ్లలో, పందుల్లో దీన్ని పరీక్షిస్తే మూడింటిలోనూ నిలిచింది. అంతకుముందు ఎందరో మెచ్చుకున్న సోడియం నైట్రైట్ మూడింటిలోనూ తేలిపోయింది. లోపం పరీక్ష జరిపే తీరులో ఉంది. ల్యాబ్‌లో పంది చిన్నవయసుది, ఆరోగ్యంగా ఉంటుంది. దాని ధమనిని గడియారం చూసి మూసి తెరుస్తారు. రోగి వయసు మళ్లినవాడు, తరచూ షుగరు, బీపీ ఉన్నవాడు. స్టెంట్ వేసేలోపే సాధారణంగా ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టకుండా ఆపే మరో మందు మింగి ఉంటాడు.

ఇంత కఠినంగా పరీక్షిస్తే మంచి మందు ఆలస్యమవుతుందని కొందరంటారు. నిజమే, కొన్నేళ్లు పడుతుంది. కానీ ఆ ఆలస్యం పందుల దగ్గరే జరగడం మేలు. వందలాది రోగుల శరీరాల మీద, ఏళ్ల తరబడి శ్రమతో తేలిన ఓటమి అంతకంటే ఖరీదైనది. స్టెంట్ త్వరగా వేస్తే చాలు, ఇంక మందెందుకన్న వాదనా ఉంది. త్వరగా చేరినవారిలో మిగిలే లాభం కొంచెమే కావచ్చు. గుండె ముందుగోడకు పెద్ద దెబ్బ తగిలి, ధమని పూర్తిగా మూసుకుపోయి వచ్చినవారిలో మాత్రం ప్రాణం దక్కినా గుండె వైఫల్యం వెంటాడుతుంది. కొత్త మందును షుగరు ఉన్న, వయసు మళ్లిన, ఆస్పిరిన్ లాంటి మందులన్నీ ఇచ్చిన జంతువుల్లో నెగ్గించి, తర్వాత ఇలాంటి రోగుల్లోనే ట్రోపోనిన్‌తో, ఎంఆర్‌ఐతో కొలిచి, రెండూ ఒకే మాట చెప్పాకే పెద్ద ట్రయల్‌కు వెళ్లాలి.