వంశచరిత్రలో అమ్మమ్మ మాట

ఇప్పుడు పెక్కు కుటుంబములలో వంశవృక్షమును కంప్యూటరులో వ్రాసికొనుట వాడుక యైనది. పేరు, పుట్టిన తేది, పెండ్లి, మరణము నింపినచో, గ్రాంప్స్ వంటి ఉచిత సాధనములు ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట చొప్పున చరిత్రమును తామే కూర్చి యిచ్చును. చూచుటకు ముచ్చటగనే యుండును. కాని ఆ పుటలో మన యమ్మమ్మను గుర్తింపగలమా? పుట్టెను, పెండ్లాడెను, ఇందఱిని గనెను, అంతటితో సరి. ఆమె యెందఱికి పురుడు పోసెనో, కరవునాడు జొన్నగంజితో నెందఱిని నిలిపెనో మనము చెప్పినగాని యంత్రమునకు తెలియదు.

కోదాడ చెంతనున్న అనంతగిరి పుట్టినిల్లుగా గల యమ్మమ్మను తలంపుడు. అనంతగిరి యనగానే కొందఱికి మూసీ పుట్టిన వికారాబాదు కొండలు తోచును. మఱికొందఱికి అరకు త్రోవలోని మన్యము. (వికారాబాదున పుట్టిన ఆ మూసీయే మన సీమ మీదుగా పాఱి మిర్యాలగూడ చేరువ వాడపల్లి కడ కృష్ణలో గలియుట వేఱు ముచ్చట.) కావున ఏ అనంతగిరియో వ్రాయవలెను. ఊరు కదలలేదు గాని యేలుబడి మాఱినది. 1948 వఱకు నిజాము పాలన; 1956 నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశము; 2014 జూన్ 2 నుండి తెలంగాణము; 2016 అక్టోబరు 11న నల్లగొండ జిల్లా విడివడి సూర్యాపేట జిల్లా యేర్పడెను. 1930లో పుట్టినయామెకు సూర్యాపేట జిల్లా యని మాత్రమే వ్రాసినచో, పాత కాగితములు నల్లగొండ పేరిట నుండునని మనుమరాలి కెట్లు తెలియును? ఆ కాగితములలో ఫసలీ సంవత్సర మున్నచో 590 కలుపుడు. ఇంచుమించుగా క్రీస్తుశకము వచ్చును.

పుట్టినింటి యింటిపేరును మఱువవలదు. మెట్టినింటి పేరొక్కటే మిగిలినచో ఆమె తల్లివైపు త్రోవ మూసికొనిపోవును.

ఇక ముఖ్యమైన సంగతి. యంత్రము కూర్చిన పుటమీదనే కొందఱు తమ మాటలు చేర్చుదురు. ఇంట మఱియొక బిడ్డ పుట్టగానే పుటలను మరల కూర్పింతురు. క్రొత్త పుట పాతదానిపై బడి చేర్చినదంతయు మాసిపోవును. ఒక సాయంకాలపు శ్రమ కాదది, పెద్దలు పోయిన పిదప మరల దొరకని మాట. కనుక మూలపు పద్దులో, ఆ వ్యక్తి పేరి క్రింద నుండు నోటులో వ్రాయుడు. ఛాయాచిత్రము నచ్చటనే చేర్పుడు. అప్పు డెన్ని మాఱులు కూర్చినను ఆ మాట వచ్చుచునే యుండును. ఎవరు చెప్పిరో, ఏనాడు చెప్పిరో ప్రక్కన నుండవలెను. ఇంటి గుట్టైనచో గోప్యమని గుర్తుపెట్టుట కందు వీలు గలదు. బ్రదికియున్నవారి వివరములను పుటలలోనికి రానీయకుండుటకును వీలున్నది.

ఈ వేసవిని పుట్టినింటికి పోవువారు మొదట పెద్దమ్మలను, మేనత్తలను అడుగుడు. వారు చెప్పినది వారి పలుకులోనే వ్రాసికొనుడు, మీరు దిద్దవలదు.