ఒక్క గది, ఒక్క మాస్టారు, అయిదు తరగతులు

పిల్లవాడి నడకను బట్టి పాఠం - చిన్న బడికి రిషివ్యాలీ చూపిన దారి

లంక గ్రామాల్లోను, కాలువగట్ల వెంబడి పేటల్లోను ఉన్న చిన్న ప్రాథమిక పాఠశాలల సంగతి డెల్టాలో తెలియనివారు లేరు. ఒకటి నుంచి అయిదు వరకు తరగతులు. పిల్లలు పదిహేను మందో, ఇరవై మందో. చాలాచోట్ల మాస్టారు ఒక్కరే. ఆయన రెండో తరగతికి ఎక్కం చెబుతుంటే మిగిలిన నాలుగు తరగతులూ పలకలు పట్టుకుని కూర్చోవలసిందే. గోదావరి వరదకు పది రోజులు బడి మానిన పిల్ల తిరిగి వచ్చేసరికి పాఠం ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటుంది.

ఇది చూసి ఓపిక ఉన్న తల్లిదండ్రులు పిల్లలను కాన్వెంటు బస్సు ఎక్కిస్తున్నారు. పిల్లలు తగ్గేకొద్దీ ఊరి బడి ఉనికికే ముప్పు వస్తున్నది. 2022లో 117వ నంబరు జీవో కింద 3, 4, 5 తరగతులను హైస్కూళ్ళలో కలిపినప్పుడు ఊళ్ళలో రేగిన ఆందోళన అందరికీ గుర్తే. 2025లో ఆ జీవో రద్దయినా, ఒక్క మాస్టారు అయిదు తరగతులను ఎలా నడపాలన్న చిక్కు మాత్రం అలాగే ఉంది.

ఈ చిక్కును విప్పి చూపినవారు మన రాష్ట్రంలోనే ఉన్నారు. రాయలసీమలో మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ విద్యాసంస్థ ఉంది. దాని గ్రామీణ విద్యాకేంద్రం తరఫున వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరి నుంచి చుట్టుపక్కల పల్లెల్లో ఒక గది బడులు నడిపారు. వానలు తక్కువ, చదువుకున్నవారు తక్కువ అయిన ప్రాంతం అది. ఆ పల్లెల యువతీ యువకులకే తర్ఫీదు ఇచ్చి ఉపాధ్యాయులుగా పెట్టారు.

అక్కడి పద్ధతి ఇది. ఏడాది పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టారు. ఒక్కో మెట్టుకు కొన్ని కార్డులు. కార్డు మీద చదవడం రాని పిల్లలకు కూడా తెలిసేలా బొమ్మ గుర్తు ఉంటుంది. గోడకు 'నిచ్చెన' పటం వేలాడుతుంది. పిల్లవాడు బడికి రాగానే ఆ పటంలో తానెక్కడ ఉన్నాడో చూసుకుంటాడు, తన కార్డు తానే తెచ్చుకుంటాడు. కొత్త సంగతి అయితే మాస్టారు దగ్గర, అభ్యాసమైతే తోటి పిల్లల దగ్గర, వచ్చిన పని అయితే ఒంటరిగా కూర్చుంటాడు. మెట్టు చివర చిన్న పరీక్ష. రాకపోతే మరికొన్ని కార్డులతో మళ్ళీ అదే నేర్చుకుంటాడు, వస్తే పై మెట్టుకు వెళతాడు. పది రోజులు మానిన పిల్ల కూడా ఆగినచోటి నుంచే మొదలుపెడుతుంది. తప్పిందన్న మాట లేదు.

ఊరిని కూడా బడిలోకి తెచ్చారు. తల్లులు చెప్పిన కథలు పాఠాలయ్యాయి. మెట్రిక్ మేళాలు పెట్టి పిల్లల చేతనే ఊరివాళ్ళ ఎత్తు, బరువు కొలిపించారు. 'పెట్టెలో బడి' అని పేరుపడిన ఈ పద్ధతి 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోటలో 'నలి కలి'కి దారి చూపింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లోకీ వెళ్ళి, 2007-08 నాటికి తమిళనాడు అంతటికీ వ్యాపించింది.

చేసి నేర్చుకోవడం మన మాస్టార్లకూ కొత్త కాదు. బ్రిటన్ సాయంతో 1980లలో ప్రయోగంగా మొదలై 1996 వరకు సాగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం చెప్పింది కూడా ఇదే. పిల్లలు చేసి నేర్చుకోవాలి, పరిసరాలే పరికరాలు కావాలి, పిల్లలు చేసినవే గదిలో వేలాడాలి అన్నది. ఆ రోజుల్లో తరగతి గదుల్లో తాళ్ళు కట్టి బొమ్మలు వేలాడదీసిన సంగతి పాత ఉపాధ్యాయులు మరచిపోలేదు.

పరికరాలకు డెల్టాలో కొదవ లేదు. కొబ్బరి ఈనెలు పదేసి కట్టలు కడితే పదుల స్థానం కంటికి కనబడుతుంది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. గుప్పెడు ధాన్యంతో ఇది కొలిచిన పిల్లకు సగం, పావు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఇది మాస్టారు పని తగ్గించే ఉపాయం కాదు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆయన రోజూ చూసుకోవాలి. కార్డులు చిరిగిపోతాయి, మళ్ళీ చేసుకోవాలి. నమ్మకం లేకుండా పెడితే నిచ్చెన పటం గోడకు అలంకారంగా మిగిలిపోతుంది. 'ఆడిస్తున్నారు, చదువేది?' అని పెద్దలు అడిగితే మాస్టారికి చేతులు ఆడవు.

విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న బడికి కూడా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. అది అడగవలసిందే. దానితోపాటు పాఠశాల కమిటీలోని తల్లిదండ్రులు అడగవలసిన మాట మరొకటి ఉంది. 'పుస్తకం ఎంతవరకు అయింది?' అని కాదు, 'మా పిల్ల ఏ మెట్టు మీద ఉంది?' అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన బడి ఎంత చిన్నదైనా చిన్న బడి కాదు. అలాంటి బడి మూతపడకుండా చూసుకునే బాధ్యత ఊరిది.