గాదె నిండిన ఇల్లే గడ్డుకాలం గట్టెక్కేది

మాఘమాసంలో పల్నాడు మెట్ట ఊళ్లలో అడుగుపెడితే కల్లాల నిండా ఎర్రటి మిరపకాయలు, వసారాల్లో తెల్లటి పత్తి కుప్పలు కనబడతాయి. చూసేవారికి సిరి పొంగి పొర్లుతున్నట్లే ఉంటుంది. అదే ఇంట్లో వంటగదిలోకి తొంగిచూస్తే బియ్యం, పప్పు, చింతపండు అన్నీ కొట్టు నుంచి వచ్చినవే. లక్షల పంట వాకిట్లో ఉన్నా రెండు నెలల తిండిగింజలు లోపల లేని ఇళ్లు గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో కోకొల్లలు. ధర పడినా, పంట పోయినా ఈ ఇళ్లు ముందుగా పోయేది అప్పుల వాడి గడపకే.

పాతర్ల నాటి ముందుచూపు

ఈ ప్రాంతానికి కరవు కొత్తది కాదు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరవును పెద్దలు డొక్కల కరవు అనేవారు. అప్పటి గుంటూరు జిల్లాలోని సుమారు ఐదు లక్షల జనాభాలో లక్షన్నర మందికి పైగా ఆకలికీ, జబ్బులకూ బలైపోయారని అంచనా. ఆ తర్వాత విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట కట్టారు. 1855 నాటికి అది పూర్తయింది. కాని ఆ నీరు అందింది డెల్టాకే. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వదిలేదాకా మెట్ట రైతుకు వాన, దాచుకున్న గింజ తప్ప వేరే దిక్కు లేదు.

అందుకే ఆ రోజుల్లో జొన్నలు పాతర వేసేవారు. ఊట రాని మెరక నేలలో గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరచి, బాగా ఎండిన జొన్నలు పోసి, పైన గడ్డి కప్పి మట్టితో మెత్తేవారు. ఏళ్ల తరబడి గింజ చెడేది కాదు. పాతర తీసినప్పుడు వెంటనే ఎవరూ లోపలికి దిగేవారు కాదు. కాసేపు గాలి ఆడనిచ్చి, దీపం దించి చూసేవారు. దీపం ఆరిపోతే లోపల చెడుగాలి ఉన్నట్లే.

సాగర్ నీరు వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. జొన్న తినే ఇళ్లు తగ్గాయి. పాతర్లు పూడిపోయాయి, గాదెలు అటకెక్కాయి. జొన్న చేలలోకి పత్తి, మిరప వచ్చి చేరాయి.

తెల్ల బంగారం నేర్పిన పాఠం

పత్తి మొదట్లో మేడలు కట్టించిన మాట నిజమే. 1984-85 నుంచి తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో శనగపచ్చ పురుగు వచ్చి పడింది. ఒకే రకం మందులు పదేపదే కొట్టడంతో పురుగు వాటికి లొంగడం మానేసింది. అరువు తెచ్చిన మందు పురుగును చంపలేదు గాని అప్పును పెంచింది. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పలువురు పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఉన్న భూమంతా పత్తే వేసిన ఇంటికి ఆ ఏడు చేతిలో పైసా లేదు, గాదెలో గింజా లేదు.

మిరపదీ అదే కథ. 2021-22లో నల్ల తామర పురుగు పూతను మాడ్చేసింది. 2023 మార్చిలో అకాల వర్షాలకు కల్లాల్లో కాయలు తడిసిపోయాయి. ఆ ఏడు క్వింటాలు 20 వేల రూపాయలు దాటి పలికిన రకాలు ఉన్నాయి. 2025 ఫిబ్రవరికి వచ్చేసరికి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది.

ముందు ఇంటికి, తర్వాత యార్డుకు

గడ్డుకాలానికి మొదటి మందు తిండిగింజలే. మనిషికి రోజుకు 400 గ్రాముల చొప్పున చూసినా ఐదుగురున్న ఇంటికి ఏడాదికి ఏడు క్వింటాళ్లకు పైగా కావాలి. ఇంటి కోసం కాస్త జొన్న, గట్ల వెంట నాలుగు సాళ్లు కంది వేసుకుంటే కొట్టు బాకీ సగం తగ్గినట్లే. భూమి లేనివారు కోతల సమయంలో, ధర తక్కువగా ఉన్నప్పుడే గింజలు కొనుక్కోవడం మేలు. బాగా ఎండబెట్టి, వేపాకు కలిపి, కందులకు ఎర్రమన్ను పట్టించి దాచే పద్ధతి ఇంటి ఆడవారికి తెలిసిందే.

మిరపకాయలు మొత్తం ఒకేసారి అమ్మడమూ, మొత్తం కోల్డ్ స్టోరేజిలో పెట్టి ధర కోసం ఎదురు చూడడమూ రెండూ జూదమే. కొన్ని టిక్కీలు కల్లం మీదే అమ్మి ఎక్కువ వడ్డీ అప్పు ముందుగా తీర్చాలి. మిగిలినవి నిల్వ పెడితే రసీదు మీద బ్యాంకులో రుణం తీసుకోవచ్చు. అద్దె, వడ్డీ లెక్క కట్టుకున్నాకే ఆ పని చేయాలి. కాయ పూర్తిగా ఎండకపోతే బూజు పడుతుంది. కల్లం దగ్గర టార్పాలిన్ పట్టలు మబ్బు పట్టకముందే సిద్ధంగా ఉండాలి.

కాగితాలు, దీపం, తాళం

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. చేతికొచ్చే పత్తి, చేలలోని మిరప నీటి పాలయ్యాయి. అలాంటి రోజుకు పాసుపుస్తకం, కౌలు కాగితం, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు, ఆధార్, విత్తనం, మందుల బిల్లులు తడవని సంచిలో ఒకేచోట ఉండాలి. బిందెలతో మంచినీరు, టార్చిలైటు, అగ్గిపెట్టె, మూడు రోజులకు అటుకులు, మరమరాలు, ఇంట్లో జబ్బుపడినవారికి మందులు సిద్ధం చేసుకోవాలి. పశువులను పలుపు విప్పి మెరకకు తోలాలి.

పురుగుమందు డబ్బా పడుకునే ఇంట్లో, వంటింటి అటక మీద పెట్టే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. దానికి పొలం దగ్గరో, కొట్టంలోనో తాళం వేసిన పెట్టె ఉండాలి. ఆ తాళం ఒక్క చెడు ఘడియను దాటిస్తే ప్రాణం నిలుస్తుంది. ఎవరైనా మందు తాగినా, పిచికారీ చేస్తూ పడిపోయినా ఆలస్యం చేయక 108కి ఫోను చేసి, డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఏ మందో తెలిస్తేనే డాక్టరుకు వైద్యం సులువు.

అన్నిటికన్నా ముఖ్యం అప్పుల లెక్క ఇల్లాలికి తెలియడం. మందుల దుకాణంలో ఎంత, కమీషన్ వ్యాపారి వద్ద ఎంత, చేబదులు ఎంత అన్నది మగవాడి గుండెలోనే ఉంటే అది బరువై కూర్చుంటుంది. కాగితం మీద పెట్టి ఇద్దరూ చూస్తే ఏది ముందు తీర్చాలో, ఏది వాయిదా అడగాలో తేలుతుంది.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు పెద్దలు. ఆఖరి కోత అయ్యాక ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని గాదెలో ఎన్ని నెలల గింజలున్నాయో, బయట ఎంత బాకీ ఉందో లెక్క చూసుకోవాలి. వచ్చే ఏడు ఎన్ని ఎకరాల పత్తి, ఎన్ని ఎకరాల మిరప అన్నది ఆ తర్వాతి మాట.