త్రిమితీయ ఛాయాచిత్ర జంటలలో తరచు కనిపించే దోషాలు: గుర్తింపు

నేల సర్వేలోను, వాటర్‌షెడ్ ప్రణాళికలోను విమాన ఛాయాచిత్రాల జంటలను స్టీరియోస్కోపు కింద పరిశీలించి ఎత్తుపల్లాలను నిర్ణయించడం చిరకాలంగా ఉన్న పద్ధతి. ఒకే భూభాగాన్ని రెండు స్థానాల నుంచి తీసినప్పుడు ప్రతి బిందువూ తన ఎత్తును బట్టి కొంత జరిగి కనిపిస్తుంది. ఈ జరుగుబాటే పారలాక్స్. విమాన మార్గంలో వరుస చిత్రాల మధ్య సుమారు 60 శాతం అతివ్యాప్తి ఉంచేది ఇందుకే. జంటను అమర్చడంలో దోషం దొర్లితే వాగు మిట్టగాను, మిట్ట వాగుగాను నమోదై, నీటి కుంట తవ్వవలసిన చోటే మారిపోతుంది.

కొలతలకు ముందే జంటను పరీక్షించడం నేర్చుకోవడానికి ఎత్తుపల్లాలు తెలిసిన ప్రాంతం అనువైనది. హైదరాబాదులోని అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ పరిసరాలను ఉదాహరణగా తీసుకుందాం. (పోటీ పరీక్షల శిక్షణకు వెళ్ళిన మన విద్యార్థులలో పలువురికి ఈ వీధులు సుపరిచితాలే.) హుస్సేన్‌సాగర్ మిగులు నీటిని మూసీకి చేర్చే నాలా అశోక్‌నగర్ మీదుగా సాగుతుంది. జంటలో ఆ నాలా గట్టులా పైకి లేచి, చుట్టుపక్కల మేడలు గుంతలుగా కనిపిస్తే ఎడమ, కుడి చిత్రాలు తారుమారైనట్లే. దోషాలన్నిటిలో ఇదే ప్రమాదకరమని నా అభిప్రాయం. చిత్రం స్పష్టంగానే ఉంటుంది, కంటికి శ్రమ కలగదు. మేడ గుంతగా కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది గాని, మెట్ట పొలంలో మీటరు లోతు వాగు విషయంలో రాదు. నీడలు తమవైపు పడేట్లు చిత్రాలను తిప్పుకునేవారు జంటను మొత్తంగా 180 డిగ్రీలు తిప్పాలి. రెండింటినీ ఎక్కడివక్కడే తిప్పినా ఎత్తుపల్లాలు తలకిందులవుతాయి.

కళ్ళు లాగడం, ఒకే కప్పు అంచు ఒకదానిపై ఒకటి రెండుగా కనిపించడం నిలువు పారలాక్స్ లక్షణాలు. ప్రతి చిత్రంపై దాని కేంద్రబిందువును, పక్క చిత్రపు కేంద్రబిందువు పడే చోటును గుర్తించి, ఆ నాలుగూ ఒకే సరళరేఖపైకి వచ్చేట్లు అమర్చాలి. అప్పటికీ పోకపోతే విమానం ఒరిగిందనో, రెండు చిత్రాల మధ్య దాని ఎత్తు మారి స్కేలు భేదించిందనో భావించాలి. అది చేతి అమరికతో తీరేది కాదు.

మూడవది కదలిక. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా వెళ్ళే రహదారి వెంటే విమానం సాగిందనుకుందాం. అదే దిశలో పోయే వాహనాలు రోడ్డులోకి కుంగినట్లు, ఎదురుగా వచ్చేవి గాలిలో తేలినట్లు కనిపిస్తాయి. 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహంలో ఒక కెమెరా ముందుకు 26 డిగ్రీలు, మరొకటి వెనుకకు 5 డిగ్రీలు వంగి, ఒకే చోటును సుమారు 52 సెకన్ల తేడాతో చిత్రించేవి. ఆ వ్యవధిలో మేఘపు నీడ కూడా జరుగుతుంది.

పొలంలో ఈ దోషాన్ని గాలి కలిగిస్తుంది. డ్రోన్ చిత్రాలతో పైరు ఎత్తు కొలిచేటప్పుడు ఊగే వెన్ను ఒక్కో చిత్రంలో ఒక్కో చోట ఉంటుంది. గాలి నిలిచిన వేళ చిత్రాలు తీసి, పొడవు తెలిసిన కర్రలను మడిలో పాతి, వాటి ఎత్తు సరిగా వచ్చిందో లేదో ముందుగా చూసుకోవాలి.