నంద్యాల పెట్టిన పేరు

ఒక సీమకు పేరు పెట్టు హక్కు ఎవరిది? అచ్చట పుట్టి, దున్ని, పండించు జనులదా, లేక దానిని ఒకరినుండి యొకరు పుచ్చుకొన్న ప్రభువులదా? ఈ ప్రశ్నకు నంద్యాల పట్టణము 1928లోనే సమాధానము చెప్పినది.

1800లో నిజాము ప్రభువు, తన సంరక్షణకై యుంచుకొన్న ఇంగ్లీషు సేనల వ్యయము క్రింద, బళ్లారి, కడప మొదలగు సీమలను ఈస్టిండియా కంపెనీకి ధారపోసెను. నాటినుండి వీనికి దత్తమండలములను పేరు స్థిరపడినది. ఇచ్చినవారు ఈ సీమవారు కారు, పుచ్చుకొన్నవారును కారు. అయినను నూటయిరువది యేండ్లకు పైగా జనులు ఆ పేరును మోసిరి. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగిన సందర్భమున చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' యను నామమును సూచింపగా, దత్తమండల ప్రతినిధులు దానిని ఆమోదించిరి.

ఈ పేరు ఊహలోనుండి పుట్టినది కాదు. నంద్యాలకు దక్షిణమున ఆళ్లగడ్డ. దానికి తూర్పున నల్లమల యొడిలో అహోబిలము. శ్రీకృష్ణదేవరాయలు అచ్చట నారసింహుని సేవించి ఆభరణములర్పించిన సంగతిని శాసనము చాటుచున్నది. రాయల జ్ఞాపకము రాతిలో నిలిచియుండగా, కంపెనీ దస్తావేజును బట్టి పిలువబడుట యేల?

పేరు మారుటకు చాల పూర్వమే కంపెనీని ధిక్కరించిన వీరుడును ఈ ప్రాంతమువాడే. కట్టుబడి బంట్రోతుల మాన్యములను కంపెనీవారు లాగుకొనగా, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో వారిని కూడగట్టుకొని తిరుగబడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో ఆతనిని ఉరిదీసి, జనులు జడియుటకై శిరస్సును కోటపై వ్రేలాడదీసిరి. జనులు జడియుటకు మారుగా ఆతనిపై పాటలు కట్టుకొనిరి.

ఆళ్లగడ్డలో నేటికిని ఉలి చప్పుడు వినవచ్చుచున్నది. దురుగడ్డవారి వంటి శిల్పి కుటుంబములు దేవాలయములకు విగ్రహములు మలచి పంపుచున్నవి. ఆళ్లగడ్డ శిల్పమునకు భౌగోళిక గుర్తింపు లభించుట సంతోషకరము. అయితే అట్టి గుర్తింపు ఊరి పేరును ఇతరులు వాడుకొనకుండ కాపాడునే గాని, ఉలిపట్టు బాలుని తయారుచేయజాలదు. ఆ పని గురువులది, ప్రభుత్వముది, విగ్రహమునకు తగిన వెల నిచ్చు భక్తులది.

2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల ప్రత్యేక జిల్లా యైనది. ఆళ్లగడ్డయు, అహోబిలమును, కోయిలకుంట్లయు అందే చేరినవి. ఈ జిల్లా పాఠశాలలలోని ప్రతి బాలుని, ప్రతి బాలికను ఏడాదికొక్క దినమైన ఈ స్థలములకు గొనిపోయి చూపవలెనని మేము కోరుచున్నాము. తన యూరి కథ తెలియని బిడ్డకు దేశచరిత్ర వట్టి తేదీల పట్టిక. ఆ బిడ్డలను శిల్పుల పందిళ్లలో కూర్చుండబెట్టి, ఒక్క గంటయైన ఉలి చేతికీయుడు. వారిలో ఏ యొకడో దానిని విడువకుండును.

నాటి పెద్దలు మనకొక పేరు సంపాదించి యిచ్చిరి. ఆ పేరునకు తగిన జ్ఞానమును బిడ్డల కందించుట మన వంతు.